చికిత్సా నిర్ణయమున తల్లికి పీట

"రోగి కోరినదియు పాలే, వైద్యుడు చెప్పినదియు పాలే" యను సామెత తెలుగువారందరి నోట నానునదే. ఆ సామెత పుట్టిన కాలమున వైద్యుడును రోగియు ఒక ఊరివారు. రోగి యింట పాడి కలదో లేదో, ఆ యింటి యిల్లాలు ఏ వేళకు పనికి పోవునో వైద్యునికి తెలియును. కనుక ఆయన చెప్పిన పథ్యము ఆ యింట సాగునదై యుండెడిది. నేడు వైద్యశాస్త్రము ఎంతయో పెరిగినది. ఆ యెరుక మాత్రము తరిగినది. పది దినములలో తగ్గు జబ్బుల విషయమున ఈ లోటును ఎట్లో సర్దుకొనవచ్చును. ఏండ్ల తరబడి వైద్యము కావలసిన పసిబిడ్డల విషయమున సర్దుకొన వీలులేదని నా యభిప్రాయము.

ఎవరీ బిడ్డలు? పుట్టుకతో గుండెకు లోపము గలవారు, మెదడు దెబ్బతిని కాలుసేతులు బిగిసిపోవు సెరిబ్రల్ పాల్సీ పిల్లలు, మాటిమాటికి మూర్ఛ వచ్చువారు, రెండు మూడు వారములకొకసారి రక్తమెక్కించుకొనక తప్పని తలసేమియా పిల్లలు, దినమునకు మూడు నాలుగు పర్యాయములు ఇన్సులిన్ సూది కావలసిన మధుమేహ బాలురు, కండరములు నానాటికి క్షీణించువారు. 1995 నాటి చట్టము ఏడు వైకల్యములను మాత్రమే గుర్తించినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆ సంఖ్యను 21కి పెంచి, తలసేమియా, హీమోఫీలియా, కండర క్షీణత వంటివానిని కూడ చేర్చుకొన్నది. చట్టమున చోటు దొరికినది. ఆసుపత్రి గదిలో, వైద్యుని బల్ల ముందు, నిర్ణయము జరుగు వేళ ఆ బిడ్డ తల్లికి చోటు దొరికినదా యనునదే ప్రశ్న.

మైపాడు వైపున ఒక మత్స్యకారుని యింట ఆరేండ్ల బిడ్డ యున్నాడనుకొందము. సెరిబ్రల్ పాల్సీ, దానికి తోడు మూర్ఛ. మూర్ఛకు మందు వ్రాసినది చెన్నపట్టణపు వైద్యుడు. కాళ్లకు పట్టీలు కట్టినది నెల్లూరి ఎముకల వైద్యుడు. వ్యాయామము నేర్పినది వేరొకరు. బిడ్డకు మ్రింగుట కష్టము గనుక నిట్టనిలువుగా కూర్చుండబెట్టి కొంచెము కొంచెముగా తినిపింపుమని, లేకున్న మెతుకు ఊపిరితిత్తులలోనికి పోయి న్యుమోనియా వచ్చునని చెప్పినది ఇంకొకరు. మాట పలికించుటకు అభ్యాసము చెప్పినది మరియొకరు. ఒక్కొక్కరు చెప్పినది అక్షరాల సత్యమే. ఎవరిని తప్పు పట్టుటకును వీలులేదు. కాని ఆ సత్యములన్నియు వచ్చి కూడునది ఒక్క స్త్రీ రెండు చేతులలో.

లెక్క వేసి చూడుడు. తినిపించుటకు పూటకు గంట చొప్పున నాలుగు పూటలకు నాలుగు గంటలు. ఉదయము అరగంట, సాయంకాలము అరగంట వ్యాయామము. మాట అభ్యాసము అరగంట. మొత్తము అయిదున్నర గంటలు. స్నానము, బట్టలు, మందులు, రాత్రి నిద్ర లేచి చూచుట ఇందులో చేరలేదు. ఆమె తెల్లవారుజామున లేచి రొయ్యల షెడ్డుకు పోయి తలలు తీయు కూలిపని చేయునదైనచో ఈ అయిదున్నర గంటలు ఎచ్చటినుండి వచ్చును? రెండవ బిడ్డ చదువు ఎవరు చూతురు? కనుక ఆమె ఏదో యొకటి విడిచిపెట్టును. ఏది విడువవచ్చునో, ఏది విడిచిన ప్రాణాపాయమో ఆమెకు ఎవరును చెప్పలేదు. సాధారణముగా వ్యాయామము విడుచును, ఏలనన దాని ఫలము కంటికి కనబడదు. ఒక్కొక్కప్పుడు, మూర్ఛ వచ్చి ఆరు నెలలైనది గదా యని, మందు విడుచును, అది ప్రమాదము. వాల్‌ప్రోయేట్ వంటి మందు నొక్కసారిగా మానినచో మునుపటికంటె తీవ్రమైన మూర్ఛ రావచ్చును.

ఈ సంగతి గమనింపవలెను. తల్లి ఎట్లును ప్రణాళిక వేయుచునే యున్నది. వైద్యునికి తెలియకుండ వేయుచున్నది. మరల ఆసుపత్రికి పోయినపుడు "అన్నియు చేయుచున్నారా?" అని అడిగిన, భయపడి "చేయుచున్నామండీ" అనును. ఆ మాట నమ్మి వైద్యుడు మందు మోతాదు పెంచును. లేదా, అబద్ధము బయటపడిన దినమున, చెప్పినమాట వినని కుటుంబమని ముద్ర వేయును. ఇరువురును మంచివారే, ఇరువురి నడుమ బిడ్డ నలిగిపోవును. నిర్ణయమును కలిసి చేయుట యనగా ఏదో పాశ్చాత్యుల కొత్త మర్యాద కాదు. ఇదివరకే రహస్యముగా జరుగుచున్న దానిని వెలుగులోనికి తెచ్చుటయే.

పాశ్చాత్యుల మాట వచ్చినది గనుక ఒక చిత్రమును చెప్పెదను. ఇంగ్లాండు ఆసుపత్రులలో ఒకప్పుడు పిల్లలను చేర్చుకొని తల్లిని ఇంటికి పంపివేయుచుండిరి. వారములో కొన్ని గంటలు మాత్రమే చూడనిచ్చుచుండిరి. తల్లిని విడిచిన రెండేండ్ల పాప యెట్లు కుమిలిపోవునో జేమ్స్ రాబర్ట్‌సన్ అను నతడు 1952లో చలనచిత్రముగా తీసి వైద్యులకు చూపెను. 1959లో ప్లాట్ సంఘము నివేదిక వెలువడి, తల్లిదండ్రులను వార్డులోనికి రానీయవలెనని చెప్పెను. అచ్చట తల్లులు వార్డులోనికి వచ్చుటకే పోరాడవలసి వచ్చినది. మన దేశమున తల్లి ఎన్నడును వార్డు విడిచినది కాదు. మంచము ప్రక్కన నేలమీద చాప పరచుకొని పండుకొనును. గ్లూకోసు సీసా ఖాళీ యైన నర్సును పిలుచుకొని వచ్చును. జ్వరము చూచును, మలమూత్రములెత్తును. సగము నర్సుపని ఆమెదే. కాని డాక్టరుగారు రౌండ్లకు వచ్చినంతనే ఆమెను బయటకు పొమ్మందురు! ఇంగ్లాండులో లేని తల్లికి చోటు కల్పించిరి; ఇచ్చట ఉన్న తల్లిని కానకున్నారు.

కుటుంబమును నమ్మిన వైద్యము చెడునని కొందరు భయపడుదురు. అనుభవము వేరుగా చెప్పుచున్నది. మన పొరుగుననే యున్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలవారు 1957లో మానసిక చికిత్సాలయము నెలకొల్పినపుడు, రోగితోపాటు ఇంటివారొకరు వచ్చి యుండవలెనను పద్ధతి పెట్టిరి. రోగిని ఇంటికి పంపిన పిదప చూచుకొనవలసినవారు ఇంటివారే గనుక, నేర్చుకొనవలసినవారును వారే యని వారి తలంపు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున బనగాఁవ్ కాందిశీకుల శిబిరమున కలరా చెలరేగెను. నరములలోనికి ఎక్కించు సెలైను అడుగంటినది. డాక్టరు దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోసు, వంటసోడా కలిపిన నీటిని డ్రమ్ములలో నింపించి, రోగుల తల్లులకు, అన్నదమ్ములకు గ్లాసులిచ్చి త్రాగింపుమనెను. శిబిరములలో నూటికి 30 వరకు నుండిన మరణములు ఆ చికిత్స పొందినవారిలో 3.6కు తగ్గినవి. చదువురాని తల్లి చేతిలో గ్లాసు పెట్టుటకు ఆనాడు పెద్దలెందరో జంకిరి. డేవిడ్ మోర్లీ యను వైద్యుడు నైజీరియా పల్లెలలో బిడ్డ యెదుగుదలను చూపు కార్డును ఆసుపత్రి బీరువాలో గాక తల్లి చేతిలోనే యుంచెను. తల్లులు పారవేయుదురని చెప్పినవారు ఓడిపోయిరి. నేడు మన అంగన్‌వాడీలో ఇచ్చు తల్లీబిడ్డల కార్డు ఆ తలంపునకు వారసురాలే.

టీకాలకు, బరువునకు కార్డు తల్లి చేతిలో నుండవచ్చునట. మూర్ఛకు, తలసేమియాకు ఏల ఉండరాదు?

మా వైద్యమిత్రులు చెప్పు సమాధానము నాకు తెలియును. "ఓ.పి.లో వందమంది బారులు తీరియుందురు. ఒక్కొక్కరితో అరగంట కూర్చుండి ఇంటి కథ వినుటకు మాకు వేళ ఎక్కడిది?" ఇది ఉత్తమాట కాదు. ప్రభుత్వ వైద్యుని పనిభారము తెలిసినవారెవరును దీనిని తీసివేయరు. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ, నేడు ఎన్.టి.ఆర్. వైద్యసేవ యను పేర సాగుచున్నది, ప్రధానముగా శస్త్రచికిత్సలకు, చికిత్సలకు ప్యాకేజీల చొప్పున చెల్లించును. దానివలన ఎందరో పేదబిడ్డల గుండెలు బాగుపడినవి. తిరుపతిలో 2021లో తెరచిన పద్మావతి చిన్నపిల్లల హృదయాలయమును మన జిల్లా తల్లులు ఎరుగుదురు. కాని తల్లితో కూర్చుండి మాటలాడిన అరగంటకు ఏ ప్యాకేజీయు లేదు. లెక్కకు రాని పని జరుగదు. ఇది వైద్యుల దోషముకంటె లెక్కల దోషమనుట న్యాయము. అయినను దీర్ఘరోగముగల బిడ్డకు ఆరు నెలలకొక్కసారి అరగంట కేటాయించుట అసాధ్యమని నేను నమ్మను. ఆ అరగంట మిగిలిన పది పర్యాయముల తడబాటును తప్పించును.

ఇంకొక వాదము కలదు. దానిని నేను గౌరవింపలేను. "వారికేమి తెలియును?" అనునది. బిడ్డ ఏ ప్రక్కకు తిప్పిన ఊపిరి సులువుగా తీయునో, మూర్ఛకు ముందు కన్నులు ఎట్లు నిలుపునో, ఏ మందు వేసిన దినమున మత్తుగా నుండునో తల్లికి తెలిసినంత ఎవరికిని తెలియదు. ఆమెకు శాస్త్రము తెలియదు. వైద్యునికి ఆ బిడ్డ తెలియదు. మేనరికము విషయము చూడుడు. దగ్గరి బంధువుల వివాహముల వలన కొన్ని వంశపారంపర్య రోగములు వచ్చు అవకాశము పెరుగునన్నది నిజము. హిందువులలో మేనమామ, మేనబావ సంబంధములు, ముస్లిములలో చిన్నాన్న పెద్దనాన్నల బిడ్డల సంబంధములు మన జిల్లాలో క్రొత్త కాదు. కాని జబ్బు పేరు చెప్పిన మొదటి దినముననే "మేనరికము చేసుకొన్నారు గదా, అనుభవించుడు" అన్నట్లు మాటలాడిన, ఆ కుటుంబము రెండవసారి ఆ గుమ్మము త్రొక్కదు. అత్తవారింట ఆ నిందయంతయు కోడలిమీద పడును. ఆ సమాచారమునే మృదువుగా, రాబోవు బిడ్డను కాపాడుకొను మార్గముగా, తల్లిదండ్రుల రక్తపరీక్షతో కలిపి చెప్పవచ్చును.

కలిసి నిర్ణయించుట యనగా వైద్యుడు చేతులు కడుగుకొనుట కాదని కూడ చెప్పవలెను. "ఆపరేషను చేయవచ్చును, చేయకపోవచ్చును, మీ ఇష్టము, ఇచ్చట సంతకము పెట్టుడు" అను మాట నేడు వినబడుచున్నది. ఇది గౌరవమువలె కనబడును గాని భారమును దించుకొనుట మాత్రమే. రోగి సమ్మతి యనగా తగినంత తెలిసికొని యిచ్చిన సమ్మతి కావలెనని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో చెప్పియున్నది. తల్లిదండ్రులకు కావలసినది ఖాళీ కాగితము కాదు. "నా బిడ్డయైన నేను ఇట్లు చేయుదును, ఏలనన..." అని చెప్పగల వైద్యుడు కావలెను, ఆ పిదప "మీ యింట ఇది సాగునా?" అని అడుగవలెను.

మరి ఇంటివారనగా ఎవరు? మన యిండ్లలో తాతగారో, పెదనాన్నగారో వైద్యునితో మాటలాడుదురు. తల్లి వాకిలి దగ్గర కొంగు కప్పుకొని నిలుచుండును. నిర్ణయించువారొకరు, చేయువారొకరు. పెద్దలను అవమానింపనక్కరలేదు, తల్లికి ఒక కుర్చీ వేసిన చాలును. బిడ్డ పెరిగినకొలది బిడ్డను కూడ అడుగవలెను. ఇన్సులిన్ తీసికొను పదమూడేండ్ల బాలుడు రంజాను మాసమున తోటివారందరును రోజా యుండగా తానును ఉండగోరును. రోగికి మినహాయింపు కలదని ఇంట చెప్పుదురు, వైద్యుడు వలదనును. పిల్లవాడు ఎవరికిని చెప్పక ఉపవాసముండును. మధ్యాహ్నమునకు చక్కెర పడిపోయి తరగతిలో కూలబడును. రంజానుకు నెల ముందే వైద్యుడు ఈ ప్రస్తావన తెచ్చి, అపాయమేమో, ఏ గుర్తు కనబడిన వెంటనే విరమింపవలెనో, ఉపవాసము లేకయే ఆ మాసమున పాల్గొను దారులేవో బాలునితోనే మాటలాడిన ఈ దొంగచాటు ఉండదు. మన కళాశాల పిల్లలకు ఇది వివరింపనక్కరలేదు.

మన తీరమునకు ప్రత్యేకమైన సంగతులు కొన్ని యున్నవి. తూర్పుతీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిషిద్ధము. ఆ కాలమున తండ్రి యింటనుండును, చేతిలో పైకము ఉండదు. తక్కిన కాలమున పైకముండును, మనిషి సముద్రముమీద నుండును. చెన్నై నెల్లూరికి సుమారు 175 కిలోమీటర్లు. ఎగ్మూరు పిల్లల ఆసుపత్రికి పోవుటయనిన రెండు దినముల కూలి పోవుటయే. ఈ క్యాలెండరు తెలిసిన వైద్యుడు పెద్ద పరీక్షలకు ఏ నెల పెట్టుకొనవలెనో తండ్రినే అడుగును.

మరి తుపానుల మాట. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి కోవూరు దగ్గర జాతీయ రహదారియు, పడుగుపాడు వద్ద రైలుమార్గమును దెబ్బతిన్నవి. ఉత్తరపు గట్టున నున్న విడవలూరు, అల్లూరు వైపు వారికి నెల్లూరు ఆసుపత్రి నది కావలి దేశమైనది. అట్టి దినమున మూర్ఛమందు సీసాలో రెండు గుక్కలు మిగిలియున్న బిడ్డ గతి యేమి? అక్టోబరు వచ్చుసరికి నెలకు సరిపడు మందు ఇంట నుండవలెను. తుపాను ఆశ్రయమునకు పోవునపుడు ఏ సంచి పట్టుకొనవలెనో, మూర్ఛ అయిదు నిమిషములు దాటిన ముక్కులో కొట్టవలసిన మిడజోలాం మందు ఎవరి యొద్ద నుండవలెనో ముందే వ్రాసియుండవలెను. చేతిలో తాళపుచెవులు పెట్టుట, నోటిలో చెంచా దూర్చుట మానవలెననియు, ప్రక్కకు తిప్పి పండుకొనబెట్టవలెననియు అదే కాగితముమీద నుండవలెను.

ఆ కాగితము ఏ భాషలో నుండును? ఇదియే అన్నింటికంటె నన్ను బాధించు విషయము. చెన్నై వైద్యుడు తమిళమున మాటలాడి ఆంగ్లమున వ్రాయును. నెల్లూరి వైద్యుడు తెలుగున మాటలాడి ఆంగ్లమున వ్రాయును. తల్లికి ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు. డిశ్చార్జి కాగితము నాలుగు పుటలు. ఆమెకు అందులో తెలిసినది బిడ్డ పేరు, అదియు తప్పుగా వ్రాయబడి యుండును. ప్లాస్టిక్ సంచిలో ఎనిమిదేండ్ల కాగితములు మోసికొని తిరుగును. మందుల దుకాణపు కుర్రవాడు సీసాపై గీసిన గీతయే ఆమెకు ఆధారము. ముహర్రం నాడు బారాషహీద్ దర్గా కడ స్వర్ణాల చెరువులో నిలిచి ఆరోగ్యపు రొట్టె పట్టుకొను తల్లులలో ఇట్టివారెందరో. దువా మానవలెనని ఎవరును చెప్పరు. దవా సంగతి వారి భాషలో చెప్పు బాధ్యత చదువుకొన్నవారిది.

ప్రభుత్వపు ఏర్పాటులు లేకపోలేదు. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద 18 ఏండ్లలోపు పిల్లలను బడిలో, అంగన్‌వాడీలో పరీక్షింతురు. మండలములలో భవిత కేంద్రములున్నవి. సదరం ధ్రువపత్రము వచ్చినచో పింఛను. 2024 జూలై నుండి వికలాంగులకు నెలకు 6000, పూర్తిగా మంచము పట్టినవారికి 15000 రూపాయలు. మంచిదే. ఒక్కొక్క శాఖ ఒక్కొక్క కాగితము నడుగును. ఏ శాఖయు ఆ బిడ్డ పూర్తి కథను ఒక్క పుటలో వ్రాయదు.

ఆ పుటను వ్రాయుటలో మన కళాశాల తోడ్పడవచ్చునని విద్యార్థులకును, కమిటీ పెద్దలకును మనవి చేయుచున్నాను. ఉర్దూ, తెలుగు రెండును చదువ వ్రాయ నేర్చిన పిల్లలు జిల్లాలో మన యొద్ద కంటె ఎచ్చట దొరకుదురు? జాతీయ సేవా పథకము క్రింద చెట్లు నాటుచున్నాము, రోడ్లు ఊడ్చుచున్నాము. వారమునకొక మధ్యాహ్నము నలుగురైదుగురు పెద్దాసుపత్రి పిల్లల విభాగమునకు పోయి, వైద్యుడు చెప్పినదానిని తల్లి భాషలో ఒక పుటలో వ్రాయవచ్చును. జబ్బు పేరు, మందు, వేళ (చదువురాని వారికి సూర్యుడు, చంద్రుడు బొమ్మలతో), ఏది ఎన్నడును మానరాదు, ఏది వీలుకాని దినమున మానవచ్చును, ఏ గుర్తు కనబడిన పరుగెత్తవలెను, ఎవరికి ఫోను చేయవలెను. అడుగున తల్లి మాట ఒక గడిలో: "ఇంట మాకు కష్టమైనది ఇది." ఆ గడిని చదివిన పిదపనే వైద్యుడు సంతకము చేయవలెను.

ఒక కట్టుబాటు తప్పదు. విద్యార్థి వైద్యుడు కాడు. తనకు తెలిసినదని ఒక్క మాటయు చేర్చరాదు, బిడ్డ సంగతిని బయట చెప్పరాదు, అర్థము కాని పదమును ఊహించి వ్రాయరాదు, అడిగి వ్రాయవలెను. వైద్యుని సంతకము లేని పుట తల్లి చేతికి పోరాదు. మొదటి యేడు మూర్ఛ, తలసేమియా పిల్లలతో ఆరంభించిన చాలును.

ఆసుపత్రి సూపరింటెండెంటు అనుమతి కొరకు కమిటీవారు లేఖ వ్రాయవలెను. ఉర్దూ, తెలుగు శాఖల అధ్యాపకులిద్దరు పుట నమూనాను సరిచూడవలెను. అచ్చుకు పెద్ద వ్యయము కాదు. వేసవి సెలవులలో ఈ పని ముగించినచో, అక్టోబరు వానలు పడకమునుపే కొందరు తల్లుల సంచులలో ఆ పుట చేరియుండును.